తెల్ల ఎలుగుబంటి – అయిదు దేశాల ఒడంబడిక

1965 సెప్టెంబరులో అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్ పట్టణంలో ఒక సభ జరిగింది. ఉత్తర ధ్రువ సముద్రం చుట్టూ ఉన్న కెనడా, డెన్మార్కు, నార్వే, సోవియట్ యూనియన్, అమెరికా దేశాల నిపుణులు ఒక జంతువును గురించి ఆలోచించటానికి అక్కడ సమావేశమయ్యారు. అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే కాలమది. ఆ సముద్రానికి ఇటూ అటూ రాడార్లు నిలిపి రెండు దేశాలూ ఒకదాని నొకటి కనిపెట్టుకొని ఉన్నాయి. అయినా తెల్ల ఎలుగుబంటి కోసం ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగాయి. కూర్చున్న తరువాత తేలిన విషయమేమిటంటే, ఈ జంతువులు ప్రపంచంలో ఎన్ని ఉన్నవో ఎవరికీ తెలియదు. ఆనాటి అంచనాలు 5,000 మొదలు ఇంచుమించు 20,000 వరకు ఉన్నాయి. అంత తేడా ఉన్నదానిని లెక్క అనటానికి వీలు లేదు.

ఈ జంతువు మానవునికి కొత్తదేమీ కాదు. ధ్రువప్రాంత వాసులైన ఇన్యూట్‌లు దీనిని ‘నానూక్’ అని పిలుస్తూ, వేల ఏండ్లుగా దీని మాంసం తిని, చర్మంతో దుస్తులు కుట్టుకొని బ్రతికారు. 1252లో నార్వే నుంచి కానుకగా వచ్చిన తెల్ల ఎలుగును ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ లండన్ కోటలో ఉంచాడు. పొడుగాటి త్రాటితో కట్టి, థేమ్స్ నదిలో చేపలు పట్టుకోనిచ్చేవారట. అయితే శాస్త్రం దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించటానికి మరి అయిదు వందల ఏండ్లకు పైగా పట్టింది. 1773లో ఉత్తర ధ్రువం వైపు నౌకాయాత్ర చేసిన బ్రిటిష్ అధికారి కాన్‌స్టాంటైన్ ఫిప్స్, మరుసటి ఏడు ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో దీనిని వర్ణించి ‘అర్సస్ మారిటిమస్’ అని పేరు పెట్టాడు. సముద్రపు ఎలుగు అని ఆ మాటలకు అర్థం.

పేరు చక్కగా అతికింది. ఈ జంతువు పుట్టేది సాధారణంగా నేలమీదనే అయినా, దాని తిండి అంతా సముద్రం మీద ఉన్నది. ఉప్పునీరు గడ్డకట్టి ఏర్పడిన మంచుపలకలే దాని వేటభూమి. ఆ మంచు క్రింద ఈదే సీళ్ళు గాలి పీల్చటానికి మంచులో రంధ్రాలు చేసుకొంటాయి. ఎలుగు ఆ రంధ్రం ప్రక్కన కదలక మెదలక గంటల తరబడి కాచుకొని కూర్చుంటుంది; సీలు తల పైకి రాగానే పంజాతో కొట్టి బయటికి ఈడుస్తుంది. ఆకలి మరీ ఎక్కువగా లేనప్పుడు కొవ్వు మాత్రం తిని మాంసం వదలివేస్తుంది. ఆ మిగులు ధ్రువపు నక్కల పాలు. తెరపి నీటిలో సీలును తరిమి పట్టుకోవటం ఎలుగుకు దాదాపు అసాధ్యం. కనుక మంచు లేని సముద్రంలో సీళ్ళు ఎన్ని ఉన్నా దానికి అవి లేనట్టే.

చలికి తట్టుకొనే ఏర్పాట్లు కూడా గమనింపదగినవి. చర్మం క్రింద కొవ్వు పొర కొన్నిచోట్ల 10 సెంటీమీటర్ల మందం ఉంటుంది. చర్మం నల్లనిది. వెంట్రుకలలో తెల్లరంగే లేదు. రంగు లేని ఆ బోలు వెంట్రుకల మీద వెలుగు చెదరటం వల్ల తెల్లగా కనిపిస్తాయి. ఈ వెంట్రుకలు అతినీలలోహిత కిరణాలను గొట్టాలవలె చర్మానికి చేరవేసి వెచ్చదనం ఇస్తాయని ఒకప్పుడు చాలా పుస్తకాలు వ్రాశాయి. డేనియల్ కూన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు 1998లో కొలిచి చూస్తే, ఆ కిరణాలు చర్మం చేరకముందే వెంట్రుకలోనే ఇంకిపోతున్నాయని తేలింది. ముచ్చటైన ఆ వివరణ ఇప్పటికీ అక్కడక్కడ పాఠాలలో కనిపిస్తూనే ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో వేట స్వరూపం మారింది. నార్వే వారి స్వాల్‌బార్డు దీవులలో వేటగాళ్ళు ‘కాపలా తుపాకి’ని వాడేవారు. ఒక పెట్టెలో తుపాకిని బిగించి, ఎర ముక్కను త్రాటితో మీటకు కట్టి వెళ్ళిపోతే చాలు. ఎలుగు ఎరను లాగగానే తుపాకి పేలుతుంది. వచ్చినది తల్లి ఎలుగా కాదా అని తుపాకి చూడదు. తల్లి పోయిన పిల్లలు ఆకలితో చచ్చేవి. 1973కు ముందు దాదాపు నూరేండ్ల పాటు ఆ దీవులలో ఏటా సగటున 300కు పైగా ఎలుగులు ఈ విధంగానో మరొక విధంగానో హతమయ్యాయి. అలాస్కాలోనైతే ధనికులు చిన్న విమానాలలో మంచు మీద తిరిగి, ఎలుగును కనిపెట్టి, దిగి కాల్చేవారు. గోడకు ఒక చర్మం వ్రేలాడదీసుకోవటమే అందులోని ప్రయోజనం. సోవియట్ ప్రభుత్వం మాత్రం 1956లోనే వేటను నిషేధించింది.

ఏటా కొన్ని వందలు పోతే ఏమని అడగవచ్చును. ఈ జంతువు సంతానక్రమం తెలిస్తే ఆ ప్రశ్న రాదు. ఆడ ఎలుగు నాలుగయిదేండ్లకు గాని ఎదకు రాదు. ఏప్రిల్, మే నెలలలో జత కట్టినా, పిండం వెంటనే పెరగదు; శరత్కాలం వరకు గర్భాశయపు గోడకు అంటుకోకుండా నిద్రాణంగా ఉండిపోతుంది. ఈలోగా తల్లి తగినంత కొవ్వు కూడబెట్టితేనే గర్భం నిలుస్తుంది. లేకుంటే అంతటితో సరి. నిలిచిన తల్లి మంచులో గుహ త్రవ్వుకొని లోపలికి పోయి, నడి చలికాలంలో సాధారణంగా రెండు పిల్లలు పెడుతుంది. పుట్టిన పిల్ల బరువు అరకిలోకు కొంచెం ఎక్కువ. తల్లి పాలలో దాదాపు మూడోవంతు కొవ్వే. మన గేదె పాలలో 7 శాతం ఉంటేనే చిక్కని పాలంటాం. ఆ పాలన్నీ తల్లి ఒంటిమీది కొవ్వు నుంచి రావలసినవే, ఎందుకంటే గుహలో ఉన్నంతకాలం ఆమెకు తిండి లేదు. పిల్లలు రెండున్నర ఏండ్లు తల్లి వెంటనే తిరుగుతాయి. అంటే ఒక కాన్పుకూ మరొక కాన్పుకూ మూడేండ్ల ఎడం. ఒక్క తల్లి పోతే ఆ లోటు పూడటానికి ఎంతకాలం పట్టునో దీనిని బట్టి ఊహించవచ్చును.

ఫెయిర్‌బాంక్స్ సభ తరువాత, 1968లో అయిదు దేశాల శాస్త్రజ్ఞులు ఒక బృందంగా ఏర్పడ్డారు. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఉస్పెన్‌స్కీ, అలాస్కాకు చెందిన లెంట్‌ఫర్, కెనడాకు చెందిన జాంకెల్, నార్వేకు చెందిన లార్సెన్ ఇందులో తొలితరం వారు. ఎలుగులకు మత్తుమందు సూదులు వేసి, చెవులకు గుర్తుబిళ్ళలు తగిలించి, ఒక చిన్న పన్ను తీసి దానిలోని వలయాలను బట్టి వయస్సు లెక్కకట్టారు. అంతకు ముందు ఒక నమ్మకం ఉండేది: తెల్ల ఎలుగులన్నీ ఒకే మంద అనీ, తేలే మంచుతోపాటు ధ్రువం చుట్టూ తిరుగుతూ ఉంటాయనీ. గుర్తుపెట్టిన ఎలుగులు మరల మరల అదే ప్రాంతంలో దొరకటంతో ఆ నమ్మకం వీగిపోయింది. ఇవి వేరువేరు సమూహాలు. దీనితో తప్పు పొరుగు దేశం మీదికి త్రోసివేసే అవకాశం కూడా పోయింది. ఎవరి తీరాన ఉన్న ఎలుగుల మంచిచెడ్డలకు వారే బాధ్యులు.

1973 నవంబరు 15న ఓస్లోలో అయిదు దేశాలు ఒడంబడిక చేసుకొన్నాయి. 1976 మే నెలలో అది అమలులోకి వచ్చింది. విమానాలతో, పెద్ద మరబోట్లతో వేటాడటం నిషిద్ధం. సంప్రదాయ పద్ధతిలో వేటాడే స్థానిక ప్రజల హక్కును వదలిపెట్టలేదు. ఇది న్యాయమైన పని. రెండవ అధికరణంలో మరొక మాట ఉన్నది: ఎలుగు నివసించే ప్రకృతి పరిసరాలను, ముఖ్యంగా గుహలు త్రవ్వుకొనే చోట్లనూ, మేతచోట్లనూ కాపాడాలని. తుపాకుల సంగతిలో ఒడంబడిక బాగా పనిచేసింది. అతివేటతో చిక్కిన సమూహాలు కొన్ని తిరిగి కోలుకొన్నాయి. 2015 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 19 సమూహాలలో దాదాపు 26,000 ఎలుగులు ఉన్నాయి.

చిక్కు వచ్చినది ఆ రెండవ అధికరణం దగ్గర. మేతచోటు అంటే మంచు. 1979 సెప్టెంబరులో ఉత్తర ధ్రువ సముద్రం మీద దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు ఉన్నట్లు ఉపగ్రహాలు చూపాయి. 2012 సెప్టెంబరులో అది ఇంచుమించు 35 లక్షలు. బొగ్గు, చమురు కాల్చగా గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు వల్ల భూమి వేడెక్కటమే ఇందుకు ముఖ్య కారణం. ఆ పొగగొట్టాలు ఈ అయిదు దేశాలలో మాత్రమే లేవు.

కెనడాలోని హడ్సన్ అఖాతం పశ్చిమ తీరాన దీని ఫలితం స్పష్టంగా కనిపించింది. అక్కడ వేసవిలో మంచు పూర్తిగా కరిగిపోతుంది. ఎలుగులు చర్చిల్ పట్టణం పరిసరాలలో ఒడ్డున చేరి, నవంబరులో సముద్రం మరల గడ్డకట్టే దాకా ఉపవాసం ఉంటాయి. ఇయన్ స్టర్లింగ్, ఆయన సహచరులు ఏటేటా వాటిని తూచి, కొలిచి, మంచు ముందుగా కరిగిన ఏడు ఎలుగులు బక్కచిక్కుతున్నాయని 1999లో ప్రకటించారు. ఆ తీరాన 1987లో దాదాపు 1,200 ఎలుగులు ఉండగా, 2016లో 842, 2021లో 618 ఉన్నట్లు లెక్క తేలింది. ఒడ్డున దొరికే పండ్లు, పక్షిగుడ్లు తిని బ్రతకలేవా అని కొందరు అడిగారు. అక్కడే 20 ఎలుగులను వేసవిలో పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2024లో జవాబు చెప్పారు: పండ్లు తిన్నవీ, పడుకొని ఉన్నవీ కూడా సగటున రోజుకు ఒక కిలో చొప్పున తగ్గాయి, బరువు పెరిగినది ఒక్కటే.

గ్రీన్‌లాండు ఆగ్నేయ తీరాన మాత్రం కొన్ని వందల ఎలుగులు వేరే విధంగా బ్రతుకుతున్నాయని క్రిస్టిన్ లైడ్రె బృందం 2022లో కనుగొన్నది. అక్కడ సముద్రపు మంచు ఏడాదిలో నాలుగు నెలలు కూడా నిలవదు. మిగిలిన కాలం ఈ ఎలుగులు, కొండలమీది నుంచి దిగి సముద్రంలో విరిగిపడే హిమనదాల మంచుముక్కలపై నిలిచి సీళ్ళను పట్టుకొంటాయి. అటువంటి హిమనదాలు గ్రీన్‌లాండులో కొన్నిచోట్లా, స్వాల్‌బార్డులోనూ ఉన్నాయి. హడ్సన్ అఖాతంలో లేవు.