రంగం తాత

మా ముత్తాతను బుచ్చయ్యపేటలో ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. రంగం తాత అన్నారు. మా ఇల్లు ఈనాటికీ రంగమోళ్ళ ఇల్లే. ఆయన కాలినడకన శ్రీరంగం వెళ్ళి వచ్చిన భక్తుడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ మా పెదనాన్న చెప్పేవారు. చాలాకాలం నేనూ గర్వంగా అదే చెప్పుకున్నాను.

అనుమానం కాగితాల దగ్గర మొదలైంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత వచ్చిన పట్టాలో ఆయన అసలు పేరుంది. అంతకు ముందరి కాగితం మా ఇంట్లో లేదు. ఉండదు కూడా. జమీందారీ లెక్కల్లో శిస్తు కట్టే రైతుకు పేరుంటుంది గాని కూలివాడికి ఉండదు. మిగిలింది ఆ మారుపేరొక్కటే. నిఘంటువు చూస్తే రంగమంటే నాట్యస్థలం, యుద్ధభూమి. మా వాళ్ళు ఆ రెండింటి ఛాయలకూ పోలేదు!

చివరికి మా తాత చెల్లెలిని అడిగాను. ఆమె నవ్వింది. "సీరంగమేటి నాయినా! మా అయ్య ఓడెక్కీసి రంగమెల్లినాడు. బియ్యం మిల్లుల బస్తాలు మోసినాడు. అక్కడ గొడవలైనాక వచ్చీసినాడని మా యమ్మ సెప్పేది."

రంగమంటే రంగూన్. మన తీరంలో ఆ నగరానికి అదే పేరు. 1852లో దిగువ బర్మాను ఇంగ్లీషువాళ్ళు ఆక్రమించారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక అక్కడి బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. పంట కోయడానికి, మిల్లుల్లో, రేవులో బస్తాలు మోయడానికి కూలీలు కావాలి. మేస్త్రీలు మన పల్లెల్లో బయానాలిచ్చి, విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో ఓడలెక్కించారు. ఆ అప్పు కూలి డబ్బుల్లో మినహాయించుకునేవారు. అక్కడ వీళ్ళందరికీ కలిపి ఒకటే మారుపేరు: కోరంగీలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరది. చోడవరం ప్రాంతం నుంచి పోయినవాడు కోరంగిని కలలోనైనా చూసి ఉండడు. అయినా అక్కడ కోరంగీ, తిరిగి వస్తే ఇక్కడ రంగం.

ఆమె చెప్పిన 'గొడవలు' 1930 మే నెలనాటివి. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె పరిష్కారమై పాతవాళ్ళను తీసుకోగానే బర్మా వాళ్ళను పొమ్మన్నారు. రెండు జాతుల పేదవాళ్ళు వీధుల్లో ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. కూలి రేటు నిర్ణయించిన కంపెనీల మీద ఈగ వాలలేదు. మా కుటుంబ జ్ఞాపకంలో 'సమ్మె' అన్న మాట పోయి 'గొడవలు' ఒక్కటే మిగిలింది. పెదనాన్న తరానికి అదీ పోయి శ్రీరంగం వచ్చింది.

ఆయన అబద్ధమాడారని నేననను. కొడుకులు చదువుకుని ఉద్యోగాల్లో చేరినప్పుడు, బస్తాలు మోసిన తాతకన్న యాత్ర చేసిన తాత గౌరవంగా కనిపించి ఉంటాడు. కుటుంబ చరిత్రలు రాసుకునే రచయితలు మన మధ్య పెరుగుతున్నారు గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. మారుపేరుకు ఇంట్లో మగవాళ్ళు చెప్పే అర్థంతో ఆగిపోకండి. చదువురాని ముసలమ్మను కూడా అడగండి.

ఇది రాసి పెదనాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "శ్రీరంగం కూడా వెళ్ళి ఉండవచ్చు కదరా" అన్నారు.