పాలదొంగ అన్న నింద: ముళ్ళ ఎలుక చరిత్ర

జెర్రిపోతు రాత్రివేళ కొట్టంలో దూరి గేదె పాలు త్రాగిపోతుందనే నమ్మకం తెలుగు పల్లెల్లో ఉన్నది. సరిగ్గా ఇటువంటి నిందనే ఇంగ్లండులో మరొక చిన్న జంతువు శతాబ్దాల తరబడి మోసింది. దాని పేరు హెడ్జ్‌హాగ్. తమిళులు ఈ జాతి జంతువును ‘ముళ్ళెలి’ అంటారు. అదే అర్థంలో దీనిని ముళ్ళ ఎలుక అనవచ్చును. మన ఏదుపందికీ దీనికీ బంధుత్వం లేదు. ఏదుపంది ఎలుకల వర్గానికి చెంది, దుంపలు, వేళ్ళు కొరికి తింటుంది. ముళ్ళ ఎలుక పేరుకే ఎలుక. నిజానికి అది చుంచుకు దగ్గరి చుట్టం. పురుగులు, గొంగళ్ళు, వానపాములు, నత్తలు దాని ముఖ్యమైన ఆహారం. పెరిగిన జంతువు వీపున అయిదారువేల ముళ్ళు ఉంటాయి. ఆపద రాగానే అది బంతివలె ముడుచుకుంటుంది.

తోటకు ఇంత మేలు చేసే ప్రాణిపై, పడుకున్న ఆవు పొదుగునుండి పాలు పీల్చుతుందని నేరం మోపారు. ఎలిజబెత్ రాణి కాలంలో, 1566లో, ధాన్యరక్షణ పేరిట వెలువడిన చట్టం హానికర ప్రాణుల జాబితాలో దీనినీ చేర్చింది. తల ఒక్కింటికి రెండు పెన్నీల బహుమానం నిర్ణయమైంది. ఆ సొమ్ము గ్రామ చర్చి అధికారులు చెల్లించేవారు. పద్దెనిమిదవ శతాబ్దంలో సైతం ఇటువంటి చెల్లింపులు చర్చి లెక్కల పుస్తకాలలో కనిపిస్తాయి. ఇన్ని వందల ఏండ్లలో నేరం నిజమో కాదో పరీక్షించాలని చట్టం చేసినవారికి తోచలేదు.

పరీక్షించి చూడాలనే బుద్ధి కూడా, విచిత్రంగా, ఈ జంతువు చుట్టూనే పెంపొందింది. లండనులో జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన వద్ద చదువుకున్న ఎడ్వర్డ్ జెన్నర్ 1773లో తన స్వగ్రామమైన బర్క్‌లీకి తిరిగివచ్చి వైద్యవృత్తి ప్రారంభించాడు. చలికాలంలో ముళ్ళ ఎలుక నెలల తరబడి మొద్దునిద్ర పోతుంది. ఆ నిద్రలో దాని దేహంలోని వేడి ఏమవుతుందన్నది గురుశిష్యుల ప్రశ్న. 1775లో జెన్నర్ తన ఊహను వ్రాసి పంపగా, ఊహించడం దేనికి, ప్రయోగం చేసి చూడరాదా అని హంటర్ బదులు వ్రాశాడు. జెన్నర్ ఉష్ణమాపకంతో కొలిచి చూశాడు. నిద్రలో ఉన్న జంతువు దేహోష్ణం చుట్టూ ఉన్న గాలి కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ అని తేలింది. ఆ కాలపు ప్రయోగాలు జంతువులపట్ల కఠినమైనవే. కాని ఊహను పరీక్షకు నిలిపే ఆ అలవాటే 1796లో అదే జెన్నర్ చేత మశూచికి టీకా కనిపెట్టించింది.

శీతనిద్రలోని మర్మం తరువాతి వారు మరింత వివరంగా తెలుసుకున్నారు. మెలకువలో సుమారు 35 సెంటీగ్రేడు డిగ్రీలుండే దేహోష్ణం నిద్రలో పది డిగ్రీలకు లోపలికి కూడ దిగుతుంది. నిమిషానికి సుమారు 190 సార్లు కొట్టుకునే గుండె 20 సార్లకు తగ్గుతుంది. దీపం వత్తిని తగ్గిస్తే నూనె ఎక్కువసేపు వచ్చినట్లే, దేహంలో దాచుకున్న కొవ్వు వసంతం వరకు సరిపోతుంది. మెలకువ వచ్చేటప్పుడు భుజాల మధ్యనున్న గోధుమరంగు కొవ్వు మండి దేహాన్ని వేడిచేస్తుంది. కాబట్టి శరదృతువులో కడుపునిండా తిండి, ఎండుటాకులతో కట్టుకున్న పొడి గూడు — ఈ రెండూ దొరకని పిల్ల చలికాలం దాటలేదు.

నింద తొలగిన తరువాత ప్రజల మనస్సు మారింది. 1982లో బ్రిటనులో ముళ్ళ ఎలుకల సంరక్షణకై ఒక సంఘం ఏర్పడింది. తోటలలో ఆకుల కుప్పలు ఉంచడం, కంచెల అడుగున దారి విడవడం అలవాటైంది. అయితే జాలితో పాలు పోసినవారు కీడే చేశారు. పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి ఆ జంతువుకు లేదు. త్రాగితే విరేచనాలు పట్టుకుంటాయి. పాలదొంగ అనిపించుకున్న ప్రాణికి పాలే పడవు!

మన దేశానికీ ఒక ముళ్ళ ఎలుక ఉన్నది. దానిని 1851లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు నమూనానుబట్టి వర్ణించాడు. తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రదేశ్‌లలోని మెట్టభూములు దాని నివాసం. ఇంగ్లండు మంచు దానికి లేదు కనుక అంతటి దీర్ఘనిద్ర కూడ దానికి అవసరం లేదు. దాని ముళ్ళు, చర్మం దగ్గుకు మందనే నమ్మకంతో తమిళదేశంలో దానిని చంపడం జరిగింది. అక్కడ పాల నింద, ఇక్కడ మందు ఆశ. రెండింటికీ మూలం పరీక్షలేని నమ్మకమే.

నిజామాబాదు జిల్లా రెంజల్ ప్రాంతపు తోటలకు వస్తే, అక్కడ ఎలుకల పని పట్టేది జెర్రిపోతు, ముంగిస. పురుగుల పని పట్టేది కప్ప. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ వెలియడంతో ఈ సీమలో చెరుకు విస్తరించింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకైనా వరియైనా పందికొక్కులకు పండుగే. జెర్రిపోతు విషం లేని పాము. ఎలుకలు దాని ప్రియమైన ఆహారం. దానికి పీల్చే పెదవులు లేవు. పళ్ళు వెనుకకు వంగి సూదులవలె ఉంటాయి. అవి గుచ్చుకుంటే ఏ గేదె నిలుస్తుంది?

పాము తన దేహాన్ని తాను వేడిచేసుకోలేదు. డిసెంబరు చలిలో అది మందగించి కలుగులలో, పుట్టలలో, చెత్తకుప్పలలో తలదాచుకుంటుంది. చెరుకు నరికి ఆకుకు నిప్పుపెట్టే కాలమూ అప్పుడే మొదలవుతుంది. ఆకును కాల్చక సాళ్ళమధ్య పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, ఈ ప్రాణులూ బ్రతుకుతాయి. కాల్చక తప్పని కుప్పను ముందుగా పొడుగాటి కర్రతో కదిలించి, ఆ రోజే కాల్చాలి.

పాఠశాల తోటలో గదులకు దూరంగా ఒక మూల రాళ్ళు, ఎండుటాకులు, పల్లెంలో కొంచెం నీరు ఉంచవచ్చును. విషసర్పాలు కూడ అక్కడ చేరవచ్చును గనుక విద్యార్థులు అందులో చేతులు పెట్టరాదు. దూరంనుండి చూచి, ఏ నెలలో ఏ ప్రాణి కనిపించినదీ పుస్తకంలో వ్రాసుకోవాలి. హంటర్ తన శిష్యునికి చెప్పిన పాఠం ఈ విధంగా మన పిల్లలకూ అందుతుంది.