పాయిగా వంశం: మూడు ఇళ్లు, వాటి వారసులు

పాయిగా వంశం హైదరాబాద్ అసఫ్‌జాహీ రాజ్యంలో నిజాం కుటుంబం తర్వాత అంతటి హోదా అనుభవించిన అమీర్ల కుటుంబం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం అలీఖాన్ కొలువులో సైన్యాధిపతిగా ఎదిగిన అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ దీనికి మూలపురుషుడు. నిజాం సొంత రక్షక దళాన్ని పోషించినందుకు దక్కిన జాగీర్లకే పాయిగాలని పేరు. విక్టోరియా రాణి కాలం ముగిసేనాటికి ఈ వంశం ఖుర్షీద్ జా, ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా పేర్ల మీద మూడు ఇళ్లుగా స్థిరపడింది. మూడు ఇళ్ల పాయిగాలూ కలిపి నాలుగు వేల చదరపు మైళ్లకు అటూఇటూగా ఉండేవి. వాటిలో పోలీసు వాళ్లదే, కచేరీ వాళ్లదే. అర్ధశతాబ్దం తిరిగేసరికి వారసులకు పేరు మిగిలింది, భూమి పోయింది. నవాబుల విలాసాలే దీనికి కారణమని చెప్పుకోవడం రివాజు. ఆధారాలను బట్టి చూస్తే విలాసాల కన్నా హక్కు స్వభావమే అసలు కారణమనిపిస్తుంది. కొలువు చేసినంత కాలం అనుభవించమని ఇచ్చిన భూమిని వాళ్లు ఏనాడూ పూర్తిగా తమది చేసుకోలేకపోయారు.

ఇళ్లకు పేరిచ్చిన ఈ ముగ్గురూ ఒకే తాతకు మనవళ్లు. ఆ తాత, షమ్సుల్ ఉమ్రా బిరుదున్న ఫక్రుద్దీన్ ఖాన్, నిజాం అలీఖాన్ కూతుర్ని పెళ్లాడాడు. విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి అచ్చు వేయించాడు. మనవళ్ల తరంలో ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా అయిదో నిజాం అఫ్జలుద్దౌలా అల్లుళ్లయ్యారు. అంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు వాళ్లు బావలు. ఆస్మాన్ జా 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి నిజాం ప్రతినిధిగా లండన్ వెళ్లాడు. ఆ ఏడే దివాన్ (ప్రధానమంత్రి) అయ్యాడు. 1893లో ఆ పదవి వికారుల్ ఉమ్రాకు దక్కింది, 1901 దాకా ఆయనే దివాన్. పెళ్లి సంబంధాలు, పదవులు, జాగీర్లు ఒకదాన్నొకటి నిలబెట్టాయి. అయితే మూడింటికీ ఆధారం నిజాం దయ ఒక్కటే.

విలాసాల వాదానికి బలమైన సాక్ష్యం ఫలక్‌నుమా. 1884లో మొదలుపెట్టిన ఆ కట్టడానికి వికారుల్ ఉమ్రా ఇటలీ పాలరాయి తెప్పించాడు, నూటొక్క మంది ఒకేసారి భోంచేసే బల్ల చేయించాడు, చివరికి అప్పుల పాలయ్యాడు. నూరేళ్లు కాదు గదా, కట్టిన చెయ్యి ఆరకముందే ఆ మహల్ మహబూబ్ అలీఖాన్ సొంతమైంది. ఇది కాదనలేని నిజం. కానీ ఆ అప్పు పోగొట్టింది ఒక ఇంటికి ఒక మహల్‌ను. ఆ ఇంటి పాయిగా అలాగే ఉంది. వికారుల్ ఉమ్రా బేగంపేటలో తలపెట్టిన స్పానిష్ మసీదు కూడా 1902లో ఆయన పోయాక, 1906లో పూర్తయింది. ఆయన కొడుకు వలీఉద్దౌలా తర్వాతి కాలంలో రాజ్య మంత్రిమండలికి అధ్యక్షుడయ్యాడు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ పాయిగా పోయింది; ఫలక్‌నుమా అప్పుతో సంబంధం లేని తక్కిన రెండు ఇళ్ల పాయిగాలూ దాంతోపాటే పోయాయి. కాబట్టి ఖర్చుతో అన్నిటినీ వివరించలేం.

రెండో ఆక్షేపణ ఇంగ్లండు నుంచి వస్తుంది. అక్కడి ప్రభువుల భూములు కూడా ఇరవయ్యో శతాబ్దంలో కరిగిపోయాయి కదా, ఇక్కడి పద్ధతిని తప్పుపట్టడమెందుకు? నిజమే, కానీ కరిగిన తీరు వేరు. అక్కడ బిరుదూ ఎస్టేటూ పెద్దకొడుక్కి చేరేవి. 1894 తర్వాత మరణ పన్ను వచ్చిపడినా అమ్ముకునేందుకు చేతిలో భూమి ఉంది. ఇక్కడ అమీర్ పెత్తనం చేసేవాడు, కొడుకులూ కూతుళ్లూ బేగములూ హిస్సేదార్లుగా ఆదాయంలో వాటా పుచ్చుకునేవారు. తరం మారేకొద్దీ హిస్సేదార్లు పెరిగారు, వాటా చిక్కిపోయింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ రాగానే పాయిగాలు సర్కారులో కలిశాయి. చేతికొచ్చింది వాయిదాల మీద చెల్లించే పరిహారం.

మరి సొంత ఆస్తి బొత్తిగా లేదా? ఉంది. దేవిడీలు (భవంతులు), తోటలు, కొన్ని మక్తాలు (ఖరారు శిస్తు భూములు) తమ స్వార్జితమని వారసులు వాదించారు; ఏది సొంతం, ఏది జాగీరు అన్న గీత దగ్గరే వ్యాజ్యాలు పుట్టాయి. ఖుర్షీద్ జా పాయిగా పంపకాల దావా హైకోర్టులో 1958 నాటి 14వ నంబరు సివిల్ సూట్‌గా నమోదై, 1963లో ప్రాథమిక డిక్రీ పొందింది. పటాన్‌చెరు నుంచి హైదరాబాద్ నగరంలోకి వచ్చే ముంబై రహదారి పక్కన ఉన్న హైదర్‌నగర్ భూములు ఆ దావాలోవే. పటాన్‌చెరు, జిన్నారం, గుమ్మడిదల వైపు పరిశ్రమలు విస్తరించి, నగరం పడమటికి జరిగి, ఎకరం విలువ పెరిగేకొద్దీ పాత డిక్రీకి కొత్త కొనుగోలుదార్లు పుట్టుకొచ్చారు. వాటాదార్ల మధ్య పుట్టిన డిక్రీ, దావాలో లేని మూడో మనిషిని కట్టిపడేయలేదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అరవై ఏళ్ల తర్వాత కూడా వారసులు మొదట రుజువు చేసుకోవలసింది చుట్టరికం కాదు, హక్కు.

భూమితో ముడిపడనివే నిలిచాయి. ఆస్మాన్ జా కొడుకు మొయినుద్దౌలా పేరిట 1930–31లో మొదలైన క్రికెట్ గోల్డ్ కప్ ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. శంషాబాద్, వికారాబాద్ ఈ వంశపు బిరుదులతో వెలిసిన ఊళ్లు. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్‌కు ఈ వంశపు నవాబు జహీరుద్దీన్ ఖాన్ పేరు పెట్టారు. సంతోష్‌నగర్ దగ్గరి సమాధుల్లో గచ్చుపని, ఒకదాని నమూనా ఇంకొకదానికి రాని జాలీలు చూడటానికి జనం వెళ్తున్నారు. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ మాత్రం చాలాకాలం శిథిలంగానే ఉండిపోయింది. పాయిగా వారసత్వంలో ఊళ్ల పేర్లకు, ఆటకు, సమాధులకు హిస్సేదార్లు లేరు, అందుకే అవి ముక్కలు కాలేదు. వాటాలు వేసుకున్న ఆదాయం మాత్రం, దాన్ని ఇచ్చిన రాజ్యంతోపాటే పోయింది.