భగత్‌సింగ్ టోపీ, ఉద్దానం తలగుడ్డ

మన ప్రాంతంలో రైతు సభ జరిగినా, విద్యార్థి సభ జరిగినా వేదిక వెనుక భగత్‌సింగ్ బొమ్మ ఉండి తీరుతుంది. పలాస, కాశీబుగ్గ, టెక్కలి గోడల మీద నేను చిన్నప్పటి నుంచి ఆ బొమ్మను చూస్తూనే ఉన్నాను. మీసం మారదు, చూపు మారదు. మారుతున్నది తల మీది వస్తువు. ఒక గోడ మీద అది సినిమాలో గుర్రపు వీరుడి టోపీ అంత వెడల్పుగా ఉంటుంది. మరో గోడ మీద పోలీసు అధికారి టోపీలా ఉంటుంది. ఈ మధ్య కొన్నిచోట్ల టోపీ పోయి పసుపుపచ్చని తలపాగా వచ్చింది. చిత్రకారుడి చెయ్యి జారిందని సరిపెట్టుకోవచ్చు. కాని బొమ్మ కూడా చరిత్ర రచనే. చదవడం రానివాడికి మొదట అందే చరిత్ర పుస్తకం అదే.

ఈ సంగతి నన్ను పట్టుకున్నది బడిలో. మార్చి 23కి పిల్లలు చిన్న నాటకం వేయాలనుకున్నారు. టోపీ దొరకలేదు. బజారంతా వెతికితే ఎండకు పెట్టుకునే గుడ్డ టోపీలు, పుట్టినరోజు కాగితపు టోపీలు దొరికాయి. తలపాగా చుట్టేస్తే పని తేలిపోతుందని తోటి ఉపాధ్యాయుడొకరు సలహా ఇచ్చారు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: “దొరల్ని ఎదిరించినోడు దొరటోపీ ఎందుకెట్టుకున్నాడు మాస్టారూ?” జవాబు వెంటనే చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ పిల్లకు నేను బాకీపడిన జవాబు.

ముందు మన భాషనే అడుగుదాం. తెలుగులో ‘టోపీ పెట్టడం’ అంటే మోసం చేయడం. పెద్ద మోసమైతే ‘కుచ్చుటోపీ’. ‘పాగా వేయడం’ అంటే స్థానం సంపాదించుకోవడం. టోపీకి మోసం, పాగాకు అధికారం అంటగట్టిన నుడికారం ఇది. ఈ దేశం తెల్లవాణ్ణి టోపీవాలా అని పిలిచింది. అంటే ముఖానికంటే ముందు తలనే గుర్తుపట్టింది. ఇంతవరకు చూస్తే పాగా మనది, టోపీ పరాయిది అనే తీర్పు సులువుగా వస్తుంది. సులువుగా వచ్చిన తీర్పును అనుమానించడం విమర్శకుడి మొదటి పని.

తలమీది వస్త్రానికి అర్థం అది ఏ దేశపుదన్న దానిలో కంటే, ఎవరి ముందు ఎవరు తీయాలన్న నియమంలో ఎక్కువగా ఉంది. ఐరోపావాడు గౌరవంగా టోపీ తీస్తాడు. మన పెద్దమనిషి గౌరవంగా పాగా చుట్టుకుని సభకు వస్తాడు. ఈ రెండు మర్యాదలు వలస పాలనలో ఢీకొన్నాయి. 1893లో దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టిన గాంధీని డర్బన్ కోర్టులో మేజిస్ట్రేటు తలపాగా తీయమన్నాడు. ఆయన తీయకుండా బయటకు నడిచాడు. ఆ తరువాత, గొడవ ఎందుకు, ఇంగ్లీషు టోపీ పెట్టుకుందామా అనుకున్నాడు కూడా. వద్దని చెప్పినవాడు ఆయనను అక్కడికి పిలిపించిన వ్యాపారి అబ్దుల్లా సేఠ్.

అయితే ఈ కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. తెల్ల మేజిస్ట్రేటు ముందు పాగా తీయనన్న దేశంలోనే, జమీందారీ గ్రామాల్లో పేద రైతు, కూలివాడు దివాణం ముందుకు వస్తే తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకోవాలి. చెప్పులుంటే చేత పట్టుకోవాలి. మా తాత ఇది కథగా చెప్పేవాడు కాదు, అలవాటుగా చేసి చూపించేవాడు. జమీందారీలు రద్దయి ఏళ్లు గడిచాక కూడా కాస్త పెద్ద అధికారి కనబడితే ఆయన చెయ్యి తనంత తానే తలగుడ్డ మీదికి వెళ్ళేది. ఆగస్టు 29న మనం బడుల్లో దండవేసే గిడుగు రామమూర్తిగారి ఫొటోలో తలపాగా ఉంటుంది. అది పండితుడి పాగా. పొలంలో రైతు చుట్టుకున్నదీ గుడ్డే. మొదటిది ఉంచుకోవడం మర్యాద, రెండవది తీయడం మర్యాద. కాబట్టి ‘మన పాగా’ అన్నప్పుడు ఎవరి పాగా అని అడగక తప్పదు.

ఇక ఫెల్టు టోపీ సంగతి. గొంగళిలో నేత ఉంది, పడుగు పేక కనిపిస్తాయి. ఫెల్టులో నేత లేదు. గొర్రె ఉన్నినో, కుందేలు, బీవరు వంటి జంతువుల సన్నని బొచ్చునో తడి, వేడి, ఒత్తిడి కలిపి మర్దిస్తే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని దట్టమైన రేకు అవుతుంది. దాన్ని కొయ్య అచ్చు మీద సాగదీసి టోపీ చేస్తారు. బొచ్చు చక్కగా చిక్కుకోవడానికి పూర్వం పాదరసపు లవణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మతి చలించేది. టోపీ పనివాడి పిచ్చి అనే మాట ఇంగ్లీషులో సామెతగా మారిపోయింది. అమెరికాలో ఆ పద్ధతి 1941లో గాని ఆగలేదు. జీడిగింజ తొక్క రసానికి వేళ్ళు బొబ్బలెక్కే పలాస జీడి కార్మికురాలికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. పెట్టుకునేవాడి దర్జా, చేసేవాడి వణుకు రెండూ ఆ టోపీలోనే ఉన్నాయి.

టోపీలను గుర్తుపట్టడం కష్టం కాదు. గుండ్రని గట్టి డిప్పలా ఉంటే బౌలర్. నడినెత్తిన ఒకే గాడి ఉండి, గట్టి అంచు పైకి తిరిగి, ఆ అంచుకు పట్టీ కుట్టి ఉంటే హాంబర్గ్. మెత్తగా ఉండి, ముందువైపు రెండు పక్కల నొక్కు పడి, వెడల్పాటి అంచు ముందుకు వాలితే ఫెడోరా. అదే అంచు సన్నగా ఉండి వెనక పైకి లేస్తే ట్రిల్బీ. విచిత్రమేమంటే చివరి రెండు పేర్లూ రంగస్థలం ఇచ్చినవే. 1882లో పారిస్‌లో సారా బెర్న్‌హార్ట్ నటించిన సార్దూ నాటకం పేరు ‘ఫెడోరా’. 1894లో వచ్చిన ద్యూమోరియే నవల ‘ట్రిల్బీ’ నాటకమై ఆడినప్పుడు రెండో టోపీకి ఆ పేరు స్థిరపడింది. మగవాడి దర్జాగా మనం అనుకునే టోపీలకు రెండు కథల్లోని స్త్రీ పాత్రల పేర్లు వచ్చాయి. తెల్ల అధికారులు ఎండలో పెట్టుకున్న సోలా టోపీ వేరే జాతి. అది ఫెల్టు కాదు, నీటిమొక్క బెండుతో చేసింది. మన గోడ బొమ్మల్లో కొన్ని ఈ రెంటినీ కలిపేస్తున్నాయి.

ఇప్పుడు భగత్‌సింగ్ దగ్గరకు వద్దాం. ఆయన టోపీ పెట్టిన సందర్భం మనకు తెలుసు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ హత్య జరిగింది. ఊరంతా పోలీసులు. వాళ్ళు వెతుకుతున్నది సిక్కు యువకుణ్ణి. జుట్టు, గడ్డం తీసేసిన భగత్‌సింగ్ కోటు తొడిగి, ఫెల్టు టోపీ పెట్టి, దుర్గాదేవిని భార్యగా, ఆమె పసిబిడ్డను తన బిడ్డగా చూపించి రైలెక్కాడు. రాజగురు నౌకరు వేషం వేశాడు. ఈ వేషం ఎందుకు ఫలించింది? వలస పాలనలో పోలీసు చూసేది ముఖాన్ని కాదు, హోదాను. టోపీ పెట్టి, నౌకరును వెంటేసుకుని, పెద్ద తరగతి పెట్టె ఎక్కేవాణ్ణి ఆపి అడిగే ధైర్యం ఆ పోలీసుకు ఆ ప్రభుత్వమే మిగల్చలేదు. సామ్రాజ్యం తన టోపీకి ఇచ్చుకున్న గౌరవాన్నే ఆయన దాని మీద ప్రయోగించాడు. మన నుడికారంలో చెప్పాలంటే టోపీవాలాలకు టోపీ పెట్టాడు.

ఆ తరువాత 1929 ఏప్రిల్ 8న అసెంబ్లీలో బాంబు వేయడానికి కొద్ది రోజుల ముందు ఢిల్లీ కాశ్మీరీ గేటు దగ్గరి స్టూడియోలో ఫొటో తీయించుకున్నాడు. గోడల మీద మనం చూసే బొమ్మకు మూలం అదే. ఈసారి దాక్కోవడానికి కాదు. పట్టుబడతానని తెలిసి, తన తరువాత జనం చూడాలని తీయించుకున్న ఫొటో. మెత్తని ఫెల్టు, చుట్టూ పట్టీ, మరీ వెడల్పు కాని అంచు. ఫొటో నలుపు తెలుపు కనుక టోపీ రంగు అందులో తెలియదు. బాల్యంలో, కాలేజీ రోజుల్లో ఆయన తలపాగాతో తీయించుకున్న ఫొటోలూ ఉన్నాయి, అవీ నిజమైనవే. 2008లో పార్లమెంటు ఆవరణలో పెట్టిన విగ్రహానికి తలపాగా ఉన్నందుకు వివాదం లేచింది. పాగా పెట్టడం అవమానమని ఎవరూ అనలేదు. చివరి ఫొటోగా ఆయన ఎంచుకున్న రూపాన్ని మార్చే హక్కు ఎవరికుంది అన్నదే ప్రశ్న. మతాన్ని, ప్రాంతాన్ని దాటి నిలవాలనుకున్న మనిషిని తిరిగి పుట్టుక గుర్తుల్లోకి తోయడం చిన్న విషయం కాదు.

మా నాటకానికి టోపీ చివరికి ఉద్దానంలోని మా చిన్నమ్మ ఇంట్లో దొరికింది. మా ముత్తాత రంగం వెళ్ళి ఓడరేవులో మూటలు మోసినవాడు. అప్పట్లో ఈ తీరం నుంచి వేలమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళేవారు. అక్కడ తెలుగు కూలీలను కోరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో ఓడరేవు పని దగ్గర బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య పెట్టిన తగవు మారణకాండ అయ్యింది. ఆ గొడవల తరువాత మా ముత్తాత తిరిగి వచ్చేశాడు. ఆయన తెచ్చిన ట్రంకుపెట్టెలో ఒక ఫెల్టు టోపీ ఉంది. దొర మెచ్చి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. 2018 అక్టోబరు 11 తిత్లీ తుపానుకు ఇంటికప్పు లేచిపోయి పెట్టె తడిసింది. టోపీ నలిగి ముద్దయింది. “ఆ కుళ్ళిన టోపీతో ఏటి సేస్తావు బాబూ?” అని చిన్నమ్మ నవ్వింది.

ఫెల్టుకు ఉన్న గుణం, ఆవిరి తగిలితే మళ్ళీ మాట వింటుంది. ఇడ్లీ గిన్నెలో నీళ్ళు మరిగించి టోపీని ఆవిరిమీద తిప్పాను. ముంచకూడదు, పొయ్యికి దగ్గర పెట్టకూడదు. మెత్తబడ్డాక లోపల గుప్పిట పెట్టి నెత్తి భాగం గుండ్రంగా లేపి, అరచేతి అంచుతో మధ్య గాడి నొక్కి, ముందు రెండు పక్కలా వేళ్ళతో చిన్న నొక్కులు వేశాను. తడిగుడ్డ పరిచి అంచును ఇస్త్రీ చేశాను. నీడలో, తలకిందులుగా ఆరబెట్టాను. అంచు మీద నిలబెడితే మళ్ళీ వంకరపోతుంది.

ఈ పనిలో టోపీ లోపలి తోలుపట్టీ మడత విప్పాను. తోలు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉన్నాయి. మా ముత్తాత పేరుకూ వాటికీ సంబంధం లేదు. పట్టీ వెనుక తెలుగు పత్రిక ముక్క పొడుగ్గా మడిచి దూర్చి ఉంది. టోపీ వదులైతే చేసే పని అది. దొర ఇచ్చాడన్న కథ నిజమో కాదో టోపీ చెప్పదు. అది ఆయన తలకు కొలిచి చేసింది కాదని మాత్రం చెబుతుంది. మరొకరి తల విడిచిన టోపీని కాగితం పెట్టి బిగించుకున్నాడు. రంగం రేవులో ఆ తల మీద రోజంతా ఉన్నది చుట్టకుదురు, దానిమీద మూట. పెట్టెలో దాచుకున్నది మాత్రం టోపీ. మన కుటుంబాలు చుట్టకుదురును మరిచిపోయి టోపీని భద్రపరిచాయి. మన చరిత్ర రచన కూడా చాలాకాలం అదే చేసింది.

అదే భగత్‌సింగ్ లాహోరు జైలులో నిరాహారదీక్ష చేసినప్పుడు ఆయనకు మద్దతుగా దీక్ష పట్టిన పాత ఖైదీ ఒకడున్నాడు, గదర్ పార్టీ తొలి అధ్యక్షుడు బాబా సోహన్‌సింగ్ భక్నా. అమెరికాలో కలప మిల్లులో కూలి చేసి, అండమాను చూసి వచ్చిన మనిషి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించాల్సిన రాహుల్ సాంకృత్యాయన్‌ను ముందే అరెస్టు చేయగా, ఆ స్థానంలో కూర్చున్నవాడు డెబ్బయ్యేళ్ళ ఈ సిక్కు వృద్ధుడు. ఆయన తలపాగా వదలలేదు, భగత్‌సింగ్ టోపీ వదలలేదు. ఇద్దరి మధ్య ఆ తేడా అడ్డం రాలేదు. పలాస సభ జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలిచ్చారు. అడవి కట్టె మీద హక్కు అడిగిన ఆ మనుషులు ఇక తలగుడ్డ విప్పి దివాణం ముందు నిలబడటానికి సిద్ధంగా లేరు. ఈ నేల మీద తలమీది గుడ్డకు అర్థం మారిన తేదీ నా దృష్టిలో అదే.

తొమ్మిదో తరగతి అమ్మాయికి నా జవాబు ఇది. దొరటోపీ పెట్టుకున్నంత మాత్రాన ఎవడూ దొర కాడు, తలపాగా చుట్టినంత మాత్రాన ఎవడూ ప్రజల మనిషి కాడు. ఆ తల ఎవరి ముందు వంగింది, ఎవరి ముందు వంగలేదు అన్నదే చూడాలి. అయితే ఆ మాటను సాకుగా తీసుకుని ‘ఏదైతేనేం’ అని చిత్రకారుడు తోచినది గీయకూడదు. టోపీ వెనుక లాహోరు రైలు ఉంది, ఢిల్లీ స్టూడియో ఉంది. టోపీ మారిస్తే అవి చెరిగిపోతాయి.

నాటకం రోజున ఆ టోపీ మా కుర్రవాడి తలకు కూడా వదులే అయ్యింది. పట్టీ వెనుక పాత ముక్కను తీయకుండా, దాని పక్కనే ఆనాటి పత్రికను మడిచి పెట్టాం. పలాస గోడలకు మళ్ళీ రంగు వేసేవారికి నా విన్నపం ఒక్కటే: కుంచె ముంచే ముందు ఆ 1929 ఫొటోను ఎదురుగా పెట్టుకోండి. పక్కన చోటు మిగిలితే చుట్టకుదురు పెట్టుకున్న ఒక రంగం కూలీని, గున్నమ్మను కూడా గీయండి.