ముంపు

తెంచు నుంచి తెంపు, దించు నుంచి దింపు పుట్టినట్టే ముంచు నుంచి ముంపు పుట్టింది. మునుగు నుంచి వచ్చింది మునక. మునక దానంతట అది జరిగేది. ముంపులో ముంచేవాడొకడు ఉంటాడు. వరదకూ ముంపనే అంటాం గనుక ఆ ఒకడెవరో మామూలుగా పట్టించుకోం.

పోలవరం ప్రాజెక్టు దగ్గర పట్టించుకోక తప్పదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన కూనవరం, చింతూరు, వేలేరుపాడు లాంటి వాటికి జలాశయం నిండకముందే ‘ముంపు మండలాలు’ అన్న పేరు స్థిరపడింది. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉన్న నేల అది. కాగితాల్లో వాళ్లు ‘నిర్వాసితులు’. సంస్కృతంలో ఆ మాటకు వెళ్లగొట్టబడినవారని అర్థం. సర్కారీ భాష ఒక్కోసారి నోరుజారి నిజం చెప్పేస్తుంది.

అక్కడి వాళ్ల నోళ్లలో నానుతున్న ఇంకో మాట కాంటూరు, అంటే నేల ఎత్తును చూపే గీత. 41.15 మీటర్ల గీతలోపు ఊళ్లకు పరిహారం ముందు, 45.72 దాకా ఉన్నవాళ్లకు తర్వాత. 2022 జులై గోదావరి వరద ఆ లెక్క చూడలేదు, గీత పైనున్న ఊళ్లలోకీ వచ్చింది. కాంటూరు పక్కన పెట్టి అందరికీ ఒకేసారి ఇమ్మనీ, భూమికి భూమి చూపమనీ అప్పుడు ధర్నాలకు కూర్చున్నారు.