విద్యార్థివేతనముల పూర్వాపరములు

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్‌బీ నగరు వఱకు గల రాజమార్గమున నొకసారి నడచి చూచినవారికి, విద్యయే యీ ప్రాంతపు ముఖ్యవర్తకమని తోపకమానదు. మేడమేడకును వసతిగృహపు బల్ల యొకటి. దాని ప్రక్కనే గ్రూపు పరీక్షలకును, బ్యాంకు కొలువులకును తర్ఫీదిచ్చువారి బల్ల. ఆపైన అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు బంపెదమనువారి బల్ల. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగరు సీమలనుండి వచ్చిన బాలబాలికలు ఇఱుకు గదులలో సర్దుకొని, తలిదండ్రుల యాశలను మోయుచు నిచ్చట జదువుకొనుచున్నారు.

కంప్యూటరు విద్యకై కుమారుని సముద్రము దాటించుటకు పొలము తాకట్టు పెట్టు తండ్రులు మనలో ననేకులు గలరు. కాని యదే యింట నొక కుమార్తె, “నాయనా, పన్నులెట్లు విధింపబడుచున్నవో, ఆ ధనమెట్లు వ్యయమగుచున్నదో, బడికిని వైద్యశాలకును నియమములెట్లు ఏర్పడుచున్నవో తెలుపు ప్రజావిధానశాస్త్రమును జదివెదను” అన్నచో, “అది చదివి యేమి చేసెదవమ్మా? దానికి డబ్బెవ్వరిత్తురు?” అను రెండు ప్రశ్నలు వెంటనే వచ్చును. మొదటిదానికి తుదిని బదులు చెప్పెదము. రెండవది మిక్కిలి న్యాయమైన ప్రశ్న. దానికి చరిత్రమే యుత్తరము.

ఈ మార్గముననే, ఎల్‌బీ నగరునకు ముందు, మెట్రో రైలు నిలుచు చోటొకటి విక్టోరియా మెమోరియల్ అను పేర నున్నది. సరూర్‌నగరులోని యనాథ బాలల నిలయమునుబట్టి యా పేరు వచ్చినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభువు మేడ ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో విక్టోరియా రాణి జ్ఞాపకార్థము అనాథలకు నెలవయ్యెను. ఆ ప్రభువే 1895వ సంవత్సరమున హైదరాబాదు కళాశాలాధ్యక్షుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుల కుమార్తెకు విద్యార్థివేతన మొసంగి ఇంగ్లండునకు బంపెను. ఆమెయే సరోజినీదేవి. అప్పటికామె వయస్సు పదునాఱేండ్లు. లండనులోని కింగ్సు కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలోను జదివి 1898లో నామె తిరిగివచ్చెను. 1925లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలును, 1947లో సంయుక్తరాష్ట్రములకు గవర్నరును అయ్యెను. ఆ ధనము వ్యర్థము కాలేదని యెల్లరు నొప్పుకొందురు. అయినను ఆ వేతనము ప్రభువు దయ. ప్రభువు దృష్టి పడుటకు బాలిక ప్రతిభతోపాటు, తండ్రికి గల పలుకుబడియు నుండవలసెను. అదే పట్టణమున నంతటి ప్రతిభ గలిగియు, ప్రభువు చెవికి పేరు సోకని బాలిక లెందఱో మన మెఱుగము.

చిత్రమేమనగా, ఆ 1895లోనే లండనులో సిడ్నీ వెబ్బు దంపతులును, వారి మిత్రులును గలిసి అర్థ రాజనీతి శాస్త్రములకై యొక పాఠశాలను స్థాపించిరి. హచిన్‌సన్ అను నతడు మరణశాసనమున విడిచిన ధనమే దానికి మూలధనము. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు అని నేడు లోకమంతయు నెఱిగినది యదియే. ఆ బడికే తరువాత డాక్టరు అంబేడ్కరుగారు వెళ్లిరి. వారి కథలో వేతనముల గుణదోషములు రెండును గలవు గనుక కొంచెము వివరింతుము.

బరోడా మహారాజు శాయాజీరావుగారు 1913లో అంబేడ్కరుగారికి నెలకు పదునొకండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతన మేర్పఱచి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు బంపిరి. చదువు ముగిసినపిదప బరోడా సంస్థానమున పదేండ్లు కొలువు చేయవలెనని యొడంబడిక. వారు 1915లో ఎం.ఏ. పట్టము పొంది, మరుసటి యేట లండను చేరి చదువు సాగించుచుండగా గడువు తీరెను. 1917లో చదువు నడుమ విడిచి తిరిగి రావలసివచ్చెను. బరోడాలో కొలువు దొరకినది గాని, కులమును జూచి తలదాచుకొన నిల్లిచ్చువారు దొరకలేదు. అటుపిమ్మట బొంబాయిలో ఉపాధ్యాయుడై కూడబెట్టిన సొమ్మును, కొల్హాపురపు శాహూ మహారాజు సాయమును, ఒక మిత్రుడిచ్చిన యప్పును జేర్చుకొని 1920లో మరల లండనుకు బోయిరి. రూపాయి సమస్యపై వ్రాసిన గ్రంథమునకు 1923లో డాక్టరు పట్టము లభించెను. 1925లో రాష్ట్రముల ఆదాయవ్యయములపై వారి గ్రంథము వెలువడెను. ఆ యేడే ద్రవ్యవిచారణ సంఘము ఎదుట వారు సాక్ష్యమిచ్చిరి. నేడు మనము ప్రజావిధానశాస్త్రమని పిలుచుచున్నది యిదియే. అంతటి మేధావికిని ధన మాగినందున మూడేండ్లు చదువాగెను. ఇతరుల మాట చెప్పనేల?

మన తెలుగువారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముపై కేంబ్రిడ్జిలో జదివి వచ్చి, తెలుగున అర్థశాస్త్రగ్రంథమును రచించి, 1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులైరి. ప్రజల ధనముతో నేర్చిన విద్య ప్రజల భాషలోనికి మరల వచ్చుటకు వారు నిదర్శనము. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు ఆది హిందువుల బిడ్డలకై బడులు నడిపిరి. 1918లో రెడ్డి వసతిగృహము వెలసెను. బడియు, బసయు లేనిదే పైచదువు మాట పుట్టదు గనుక వీనినిగూడ విద్యార్థివేతనముల చరిత్రములోనే మేము చేర్చుచున్నాము.

దయ హక్కుగా మాఱుట క్రమముగా జరిగినది. అంబేడ్కరుగారు వైస్రాయి సభలో సభ్యులుగా నుండి షెడ్యూల్డు కులముల విద్యకై ప్రభుత్వ ధనము గోరి పోరాడిరి. 1944లో మెట్రిక్ తరువాతి చదువులకు వేతనము లారంభమయ్యెను. విదేశవిద్యకు జాతీయ వేతనము 1954-55లో మొదలయ్యెను. 2013లో సమైక్య రాష్ట్రమున అంబేడ్కరు విదేశీ విద్యానిధి యేర్పడెను. తెలంగాణము వేఱైన పిదప దాని పరిమితి ఇరువది లక్షల రూపాయలకు హెచ్చినది. అల్పసంఖ్యాకులకు 2015లోను, వెనుకబడిన తరగతులకు 2016లో మహాత్మా జ్యోతిబా ఫూలే పేరను, ఇట్టి నిధులే వెలసినవి. వైద్యమునకును ఇంజనీరింగునకును వలెనే సాంఘికశాస్త్రములకును వీనిలో చోటిచ్చిరి. కావున డబ్బెవ్వరిత్తురను తండ్రికి, కొంత ప్రభుత్వమే యిచ్చునని నిశ్చయముగా జెప్పవచ్చును.

కాని కాగితముపై నున్న హక్కు చేతికి వచ్చువఱకు గల దూరమే యిప్పటి కష్టము. విద్యానిధి నియమములు చూడుడు: తొలిభాగము విద్యార్థి పరదేశము చేరిన ఆధారము చూపిన పిమ్మటను, రెండవభాగము మొదటి సెమిస్టరు ఫలితము వచ్చిన పిమ్మటను ఇయ్యదగినవి. బయలుదేరుటకు ముందు కట్టవలసిన సొమ్ము మాటయో? 2018 ఫిబ్రవరిలో టాటా సాంఘికశాస్త్ర సంస్థ, వేతనము పొందు దళిత, గిరిజన విద్యార్థులను వసతి భోజన వ్యయము తామే కట్టుమనగా, బొంబాయిలోను, హైదరాబాదు ప్రాంగణములోను వారు తరగతులు మాని నిరసన తెలిపిరి. 2022లో జాతీయ వేతనమునుండి భారత చరిత్ర, సంస్కృతి, సమాజములపై చేయు పరిశోధనలను తొలగించిరి. 2025లో 106 మంది యెన్నిక కాగా మొదట 40 మందికి మాత్రమే యుత్తరువులు వచ్చినవి. తక్కినవారిని ధనము సమకూరువఱకు వేచియుండుమనిరి. విశ్వవిద్యాలయపు గడువు ఎవ్వరికొఱకును వేచియుండదు. ధనికుడు సొంత సొమ్ముతో నా నడిమి కాలమును దాటును. పేదవాని చోటు పోవును.

మంచినీటికే కొఱతయున్న రాజ్యమున నొక్క విద్యార్థికి లక్షలేల యని కొందఱందురు. ఈ యాక్షేపము తేలికగా ద్రోయదగినది కాదు. అయితే నీటికి ధనమెంత కేటాయింపవలెనో, ఏ వీథికి ముందు గొట్టము వేయవలెనో నిర్ణయించువారందఱును నీటికై బిందెతో నిలువని యిండ్లలోనే పుట్టినవారైనచో, ఆ కొఱత తీరునా? కుమార్తె నడిగిన మొదటి ప్రశ్నకు మా బదు లిదియే. పోయినవారు తిరిగిరారని వేఱొక యాక్షేపము. ప్రజలకు సేవచేయు నియమము పెట్టిన తప్పులేదు. బరోడావలె నొక్క కొలువునకు కట్టివేయుట మాత్రము తగదు. అందఱును సముద్రము దాటనక్కఱయు లేదు. హైదరాబాదుననే టాటా సంస్థ యీ శాస్త్రమును బోధించినది, 2021లో కౌటిల్య పాఠశాల వెలసినది.

చదువరులు తమ యిండ్లలో జేయదగిన పనులు రెండు గలవు. బిడ్డ పత్రము పంపకముందే, వేతన మేయే వ్యయములకు వర్తించునో, ఏ మాసమున చేతికి వచ్చునో, ఏ షరతున్నదో వ్రాసి యుంచుకొనుడు. ఆలస్యమైనచో ప్రభుత్వము నడుగుటకు సిగ్గుపడకుడు. రెండవది, కాలనీ సంఘములు ఉత్సవపు చందాలలో గొంత తీసి, ప్రయాణపు టిక్కెట్టునకును, తొలి ఫీజునకును వడ్డీలేని యప్పిచ్చు చిన్ననిధి నేర్పఱచుకొనవలెను. వేతనము రాగానే యా సొమ్ము తిరిగి వచ్చి మఱియొక బిడ్డకు బనికివచ్చును. 1920లో నొక మిత్రుని యప్పే అంబేడ్కరుగారిని మరల ఓడ యెక్కించినదని మఱువరాదు. నిజాము దయకై వేచియుండిన కాలము గతించినది. సరూర్‌నగరు వసతిగృహపు గదిలో నర్ధరాత్రి చదువుచున్న బాలికకు, ఉత్తరువు రాలేదను కారణమున చదువు నిలిచిపోకుండ జూచుట ఇప్పుడు మన చేతిలో నున్నది.