నాలుగు కాళ్ల మీద వాలిన రాకెట్

1996 జులై 31. అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారి, వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షా కేంద్రం. పన్నెండు మీటర్ల ఎత్తున్న ఓ రాకెట్ పైకి లేచి, కాసేపు గాల్లో విన్యాసాలు చేసి, తోక కిందికి పెట్టి నిటారుగా దిగడం మొదలుపెట్టింది. నేల దగ్గరపడగానే నాలుగు కాళ్లు చాచాలి. మూడే చాచింది. నాలుగో కాలిని తెరిచే హీలియం గొట్టాన్ని ఎగరడానికి ముందు ఎవరూ బిగించలేదు. రాకెట్ మెత్తగానే దిగింది. ఆ తర్వాత కాలు లేని వైపుకి ఒరిగి పడిపోయింది. ట్యాంకు పగిలి మొత్తం కాలిపోయింది.

దాని పేరు డీసీ-ఎక్స్‌ఏ. మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-ఎక్స్‌కు నాసా మెరుగులు దిద్దిన రూపం. 1993 ఆగస్టు 18న తొలిసారి ఎగిరింది. చంద్రుడి మీద నడిచిన మూడో మనిషి పీట్ కాన్రాడ్ ఆ ప్రయోగాల బృందంలో ముఖ్యుడు. పన్నెండో ప్రయోగంలో అది బూడిదయ్యేసరికి చేతిలో రెండోది లేదు. రెండోది కట్టడానికి డబ్బూ లేదు. బిగించని ఒక్క గొట్టంతో ఓ దారి మూసుకుపోయింది.

రాకెట్‌ను నిలువునా దించి మళ్లీ ఎగరేయొచ్చని ఆ ఎడారిలోనే తేలింది. కానీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే పెద్ద రాకెట్‌తో ఆ పని చేయడానికి మరో పంతొమ్మిదేళ్లు పట్టింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నన్ను ఆకట్టుకునేది ఇంజిన్ల బలం ఒక్కటే కాదు. తప్పులు చేసి నేర్చుకోవడానికి తగిన చోటు ఎక్కడుందో ఆ పని సాధించిన ఇంజినీర్లు కనిపెట్టిన తీరు.

అంతకుముందు వాళ్లకి ఆ చోటు దొరకలేదు. అమెరికా స్పేస్ షటిల్‌నే తీసుకోండి. 1981 ఏప్రిల్ 12న మొట్టమొదటి ప్రయాణంలోనే జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్ అందులో కూర్చుని వెళ్లారు. మనుషులున్న వాహనాన్ని 'పోతే పోయింది' అనుకుని పరీక్షించలేం. అందుకే ప్రతి ప్రయాణం తర్వాతా వేల సంఖ్యలో ఉన్న సిలికా పెంకుల్ని ఒక్కొక్కటిగా చూడాల్సి వచ్చింది, ఇంజిన్లను విప్పి తనిఖీ చేయాల్సి వచ్చింది. పెద్ద ఇంధన ట్యాంకును మాత్రం ప్రతిసారీ పారేశారు. ఏడాదికి యాభై సార్లు ఎగురుతుందని ఆశపడిన వాహనం ఎక్కువలో ఎక్కువ 1985లో తొమ్మిదిసార్లు ఎగిరింది. 1986లో చాలెంజర్, 2003లో కొలంబియా ప్రమాదాలు పద్నాలుగు మంది ప్రాణాలు తీశాయి. 135 ప్రయాణాల తర్వాత 2011లో షటిల్‌కు సెలవిచ్చారు. షటిల్ గొప్ప యంత్రం. హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలో బాగుచేసింది దానిలో వెళ్లినవాళ్లే. కానీ అంతరిక్షాన్ని చవక చేస్తుందన్న మాట మాత్రం నిలబెట్టుకోలేకపోయింది.

ప్రైవేటు వైపు కిస్లర్ ఏరోస్పేస్ అనే కంపెనీ కే-1 పేరుతో రెండు దశలూ తిరిగొచ్చే రాకెట్‌కు రూపకల్పన చేసింది. దాన్ని నడిపించింది అపోలో రోజుల్లో నాసాలో మానవ అంతరిక్ష యాత్రల విభాగానికి అధిపతిగా పనిచేసిన జార్జ్ ముల్లర్. సోవియట్ చంద్ర రాకెట్ కోసం తయారై గోదాముల్లో మిగిలిపోయిన ఇంజిన్లు పెట్టి, పారాచూట్లతో, గాలి సంచులతో దించాలన్నది ఆలోచన. మొదటి రాకెట్ ఎగరకముందే డబ్బంతా కావాలి. ఆ డబ్బు సమకూరలేదు, 2003లో కంపెనీ దివాలా తీసింది. కే-1 ఎప్పుడూ ఎగరలేదు.

అదే కిస్లర్‌కు 2004లో నాసా పోటీ లేకుండా 22.7 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వబోయింది. రెండేళ్ల వయసున్న స్పేస్‌ఎక్స్ దాని మీద ఫిర్యాదు చేసింది. నాసా వెనక్కి తగ్గి, 2006లో అందరికీ పోటీ పెట్టింది. గెలిచిన రెండు కంపెనీల్లో ఫిర్యాదు చేసిన స్పేస్‌ఎక్స్ ఒకటి, కొత్త యాజమాన్యం కిందికి వెళ్లిన కిస్లర్ రెండోది. సొంత పెట్టుబడి తేలేక కిస్లర్ 2007లో తప్పుకుంది.

స్పేస్‌ఎక్స్ కూడా మునిగిపోయే దాకా వెళ్లొచ్చింది. పసిఫిక్ సముద్రంలో క్వాజలైన్ పగడపు దీవుల్లోని ఓమెలెక్ అనే చిన్న దీవి నుంచి 2006 మార్చి 24న ఎగిరిన తొలి ఫాల్కన్-1 నిమిషం కూడా నిలవలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఓ అల్యూమినియం నట్టు పగిలి ఇంధనం కారింది. రెండోదీ, మూడోదీ పోయాయి. 2008 సెప్టెంబర్ 28న నాలుగోది కక్ష్యకు చేరింది. అదే డిసెంబర్‌లో అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసే పన్నెండు ప్రయాణాలకు నాసా 160 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. ప్రైవేటు సాహసంగా చెప్పుకునే ఈ కథలో, సరైన సమయానికి అందిన ప్రజల సొమ్ము సంగతి తరచూ మరుగున పడుతుంది. అది మరవకూడదు.

ఆ సరుకు మోయాల్సింది ఫాల్కన్-9. 2010 జూన్ 4న తొలిసారి ఎగిరింది. కింది దశలో టామ్ ముల్లర్ బృందం చేసిన మెర్లిన్ ఇంజిన్లు తొమ్మిది. మొదటి రెండు ప్రయోగాల్లో కింది దశను పారాచూట్లతో కాపాడాలని చూశారు. పారాచూట్లు విచ్చుకునే దాకా కూడా అది మిగల్లేదు. వాతావరణంలోకి తిరిగి దూసుకొచ్చే వేగానికి ముక్కలైపోయింది. దిగాలంటే వేగం తగ్గాలి, తగ్గాలంటే ఇంజిన్లు మళ్లీ వెలగాలి. చేసేదేమీ లేక, పదహారేళ్ల కిందట న్యూ మెక్సికోలో వదిలేసిన దారికే వచ్చారు.

2012 సెప్టెంబర్ 21న టెక్సస్‌లోని మెక్‌గ్రెగర్‌లో, మిడత అని అర్థమొచ్చే గ్రాస్‌హాపర్ అనే పరీక్షా రాకెట్ రెండు మీటర్లు కూడా లేవకుండా ఓ గెంతు గెంతి దిగింది. ఏడాది తిరిగేసరికి 744 మీటర్లకు ఎగిరి నిటారుగా వాలింది. అది తేలికైన సగం. నిజమైన రాకెట్ కింది దశ డెబ్భై కిలోమీటర్ల ఎత్తున, గంటకు ఆరేడు వేల కిలోమీటర్ల వేగంతో పై దశను వదిలిపెడుతుంది. అక్కడి నుంచి నత్రజని వాయువు చిమ్ముతూ గాలి లేని చోట పల్టీ కొట్టి వెనక్కి తిరగాలి. వాతావరణం చిక్కబడే ముందు మూడు ఇంజిన్లు వెలిగించి వేగం తగ్గించుకోవాలి. ధ్వని కన్నా కొన్ని రెట్ల వేగంతో ఎదురొచ్చే గాలిలోకి మంట చిమ్మితే ఆ మంట నిలుస్తుందా, రాకెట్ అదుపు తప్పుతుందా అన్నది గాలి సొరంగాల్లో తేలని ప్రశ్న. అంగారకుడి మీద బరువైన నౌకల్ని దించాలంటే నాసాకీ దీనికి జవాబు కావాలి. అందుకే 2014లో దిగుతున్న ఓ ఫాల్కన్-9ని విమానాల్లోంచి పరారుణ కెమెరాలతో చిత్రీకరించి ఆ వివరాలు పంచుకుంది.

చివరి ఘట్టం ఇంకా కఠినం. ఇంధనమంతా అయిపోయాక కింది దశ బరువు సుమారు పాతిక టన్నులు. ఒక్క మెర్లిన్ ఇంజిన్‌ను ఎంత తగ్గించి మండించినా దాని తోపుడు ఆ బరువు కన్నా ఎక్కువే. అంటే డీసీ-ఎక్స్‌లా గాల్లో ఆగి, చూసుకుని దిగే వీలు లేదు. వేగం సున్నా అయ్యే క్షణమూ, కాళ్లు నేలను తాకే క్షణమూ ఒక్కటే కావాలి. ముందే ఆగిందా, మళ్లీ పైకి లేస్తుంది. ఆలస్యమైందా, గుద్దుకుంటుంది. అంగారకుడి మీద దిగే గణితం మీద నాసాలో పనిచేసి వచ్చిన లార్స్ బ్లాక్‌మోర్ బృందం ఆ లెక్క కట్టింది. పోతున్న దారిలో గాలి ఎటు తోసినా, మిగిలిన ఇంధనంతో దిగే మార్గాన్ని రాకెట్‌లోని కంప్యూటరే అప్పటికప్పుడు లెక్కగట్టుకుంటుంది.

ఈ ప్రయోగాలకు ఖర్చెవరు పెట్టారన్నదే కిటుకంతా. సరుకు దించేసి ఖాళీగా తిరిగొచ్చే దారిలో లారీ క్లీనర్ స్టీరింగ్ పట్టి డ్రైవింగ్ నేర్చుకున్నట్టు, వీళ్లు కిరాయి చెల్లిపోయిన రాకెట్ మీద దిగడం నేర్చుకున్నారు. 2013 సెప్టెంబర్ 29న కెనడా ఉపగ్రహం కాసియోప్‌ను పైకి పంపారు. ఉపగ్రహం కక్ష్యకు చేరింది, ఖాతాదారు పని అయిపోయింది. ఇక కింది దశ ఎటూ సముద్రంలో పడేదే. ఆ పడేదానితోనే పరీక్ష పెట్టారు. మూడు ఇంజిన్ల మంట నిలిచింది. చివర్లో రాకెట్ గిరగిరా తిరగడంతో ఇంధనం ట్యాంకు గోడలకు అంటుకుపోయి ఇంజిన్‌కు అందలేదు, నీటిని గుద్దుకుంది. 2014 ఏప్రిల్ 18న కాళ్లు చాచి అట్లాంటిక్ నీళ్ల మీద మెత్తగా దిగింది. అలలు దాన్ని ముక్కలు చేశాయి.

ఇక ఓడ మీద దించడానికి సిద్ధమయ్యారు. ఫుట్‌బాల్ మైదానమంత బల్లపరుపు ఓడ, మీద మనుషులుండరు. 2015 జనవరి 10న గాల్లో దిశ తిప్పే జల్లెడ రెక్కలకు హైడ్రాలిక్ ద్రవం చాల్లేదు. వంకరగా వచ్చి ఓడను ఢీకొట్టింది. తర్వాతి ప్రయోగానికి ద్రవం ఎక్కువ పోశారు. ఏప్రిల్ 14న ఇంజిన్ తోపుడును నియంత్రించే కవాటం ఒకటి బిరుసెక్కి ఆలస్యంగా కదిలింది. ఓడ మీద కాళ్లు ఆనించాక ఒరిగి పేలిపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాల్సిన సరుకు భద్రంగా చేరింది.

2015 జూన్ 28 మాత్రం అలా గడవలేదు. పై దశ ట్యాంకులో హీలియం సీసాను పట్టి ఉంచే ఓ కడ్డీ విరిగి, ఎగిరిన 139 సెకన్లకు రాకెట్ మొత్తం గాల్లో చెదిరిపోయింది. సరుకు పోయింది. ఆరు నెలలు ప్రయోగాలు ఆగాయి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు జాగ్రత్తగా పాత పద్ధతిలో ఓ ప్రయోగం చేసి ఊపిరి పీల్చుకుంటారని ఎవరైనా అనుకుంటారు. వాళ్లు మార్చిన రాకెట్‌తో వచ్చారు. ట్యాంకుల్లో ఎక్కువ పట్టడానికి ద్రవ ఆక్సిజన్‌ను మామూలుగా ఉండే మైనస్ 183 డిగ్రీల నుంచి మైనస్ 207 దాకా చల్లబరిచారు. ఈసారి ఓడ మీద కాకుండా కేప్ కెనావరల్ గట్టు మీదే, ఒకప్పుడు అట్లాస్ క్షిపణుల్ని పరీక్షించిన పదమూడో నంబరు ప్రయోగ వేదిక స్థలంలో దించుతామన్నారు.

డిసెంబర్ 21 రాత్రి ఆర్బ్‌కామ్ కంపెనీ ఉపగ్రహాలు పదకొండింటిని మోసుకెళ్లిన రాకెట్ కింది దశ, ఎగిరిన పది నిమిషాలకల్లా తిరిగొచ్చి నాలుగు కాళ్ల మీద నిలబడింది. బయట నిలబడి చూస్తున్న స్పేస్‌ఎక్స్ అధినేత ఎలాన్ మస్క్ అది దిగే క్షణంలో వినిపించిన ధ్వని విస్ఫోటాన్ని విని పేలిపోయిందనే అనుకున్నాడట. నెల ముందే జెఫ్ బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్ న్యూ షెపర్డ్‌ను దించింది. అది నూరు కిలోమీటర్లు నిలువునా ఎగిరి నిలువునా దిగింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే ప్రయోగం నుంచి కింది దశ అలా తిరిగిరావడం మాత్రం ఇదే మొదలు. ఆ కింది దశ, అంటే బూస్టర్, ఇప్పుడు కాలిఫోర్నియాలోని హాథోర్న్‌లో కంపెనీ ఆఫీసు ముందు నిలబడి ఉంది.

దాదాపు నాలుగు వారాలకు, 2016 జనవరి 17న, మరో ఫాల్కన్-9 పసిఫిక్‌లో ఓడ మీద దాదాపు నడిమధ్యన దిగింది. ఓ కాలి గొళ్లెం పడలేదు. ఎగిరే ముందు కమ్ముకున్న పొగమంచు గడ్డకట్టడమే కారణం కావచ్చన్నారు. కాలు మడతపడింది, రాకెట్ ఒరిగి పేలింది. న్యూ మెక్సికోలో జరిగిందీ ఇంచుమించు ఇదే. అక్కడ ఒక్క కాలుతో కార్యక్రమమే ముగిసిపోయింది. ఇక్కడ జేసన్-3 ఉపగ్రహం అప్పటికే సముద్ర మట్టాన్ని కొలిచే పనికి బయల్దేరింది, తర్వాతి రాకెట్ ఫ్యాక్టరీలో సిద్ధమవుతోంది. ఏప్రిల్ 8న ఓడ మీద తొలిసారి ఓ బూస్టర్ నిలబడింది. 2017 మార్చి 30న అదే బూస్టర్ లక్సెంబర్గ్‌కు చెందిన ఎస్ఈఎస్ ఉపగ్రహాన్ని మోసుకుని రెండోసారి ఎగిరింది, మళ్లీ దిగింది. దాన్ని బాగుచేయడానికి కొత్తది కట్టే ఖర్చులో సగం కన్నా బాగా తక్కువే అయిందని కంపెనీ అధ్యక్షురాలు గ్విన్ షాట్‌వెల్ చెప్పారు. వాడిన రాకెట్ మీద తన ఉపగ్రహాన్ని పెట్టడానికి ముందుకొచ్చిన ఎస్ఈఎస్ ధైర్యాన్నీ ఇక్కడ చెప్పుకోవాలి.

ఆ తర్వాతి కథ వేగంగా సాగింది. 2020 మే 30న ఇద్దరు వ్యోమగాముల్ని పంపిన బూస్టర్ మొత్తం 19 సార్లు ఎగిరి, 2023 డిసెంబర్‌లో తిరుగు ప్రయాణంలో అలల తాకిడికి ఓడ మీద ఒరిగిపోయింది. 2025లో ఒకే బూస్టర్ 30వ సారి ఎగిరింది. పై దశను మాత్రం ఇప్పటికీ ప్రతిసారీ పారేస్తున్నారు. స్టార్‌షిప్ అనే కొత్త రాకెట్‌తో దాన్నీ మిగుల్చుకోవాలని చూస్తున్నారు.

మన వైపు చూస్తే, ఇస్రో రెక్కల దారి పట్టింది. 2016 మే 23న ఆర్‌ఎల్‌వీ-టీడీ అనే రెక్కల వాహనం 65 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి బంగాళాఖాతం మీదుగా తేలుతూ దిగింది. తర్వాత అలాంటి రెక్కల వాహనమే కర్ణాటకలోని చిత్రదుర్గలో మూడుసార్లు రన్‌వే మీద వాలింది. నిలువునా దించే దారికి మన పాత రాకెట్లు పనికిరావు. పీఎస్‌ఎల్‌వీ కింది దశలో ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపలేం, మళ్లీ వెలిగించలేం. కొత్త రాకెట్ అవసరం ఎంత ఉందో 2024 నవంబర్‌లో తెలిసింది. 4,700 కిలోల జీశాట్-ఎన్2 మన ఎల్‌వీఎం3 మోయగల బరువును మించడంతో ఫాల్కన్-9 ఎక్కి వెళ్లింది. దానికి రెండు నెలల ముందే, కింది దశ తిరిగొచ్చే ఎన్‌జీఎల్‌వీకి కేంద్రం 8,240 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 జనవరిలో దానికోసం శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకూ అనుమతి వచ్చింది.

ఆ మంజూరులో అభివృద్ధి ప్రయోగాలు మూడు. దిగడం నేర్చుకోవడానికి మూడు చాలవని ఫాల్కన్-9 చరిత్రే చెబుతోంది. ఎన్‌జీఎల్‌వీ ఉపగ్రహాలు మోయడం మొదలుపెట్టిన రోజు నుంచీ, ప్రతి ప్రయోగంలోనూ మిగిలిన కాస్త ఇంధనంతో కింది దశను బంగాళాఖాతంలో దించి చూసే స్వేచ్ఛ ఇంజినీర్లకు ఇవ్వాలి. మొదటి కొన్ని పోతాయని పార్లమెంటుకూ ప్రజలకూ ఇస్రో ముందే చెప్పాలి. అవి నీళ్లలో పడినప్పుడు, ఉపగ్రహం కక్ష్యకు చేరిన ప్రయోగాన్ని మనం విఫలమని రాయకూడదు.